తూకానికి రాని తొలి పిడికిలి

నా ఉద్యోగ జీవితంలో నాకు మెమో వచ్చింది ఒక్కసారే. అది న్యాయమైన మెమో. రిటైరవడానికి కొద్ది నెలల ముందు వచ్చింది. సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది, ఎవరైనా చూడవచ్చు. లెక్కల ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు దాని వెనక జరిగినది తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను. పేర్లు ఎవరివీ రాయను. వాళ్ళలో చాలామంది ఇంకా అక్కడే పనిచేస్తున్నారు.

నేను బడికి వెళ్ళి చదువుకున్న మనిషిని కాను. మా నాన్నగారు ధవళేశ్వరం దిగువన ఒక కాలువ లాకు దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరు. క్వార్టర్సు గట్టు మీద, బడి ఎక్కడో దూరాన. అమ్మ బైబిలు పెట్టి అక్షరాలు నేర్పింది. నాన్నగారు నీటిమట్టాలు రాసే రిజిస్టరు పెట్టి అంకెలు నేర్పారు. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను, డిగ్రీ దూరవిద్యలో ముగించాను. అలాంటిదాన్ని నమ్మి ఒక మండలం పంటల లెక్కలు చేతిలో పెట్టారంటే అది దేవుని దయేనని రోజూ అనుకునేదాన్ని. ఆ కృతజ్ఞత నిజమైనదే. కానీ అన్నిటికీ కృతజ్ఞతతో తలవంచే మనిషి ఆపవలసిన చోట ఆపదు, అడగవలసిన చోట అడగదు. నాకు ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

మా పనిలో ముఖ్యమైనది పంట కోత ప్రయోగం. ఒక ఊళ్ళో వరి ఎంత పండిందో తెలియాలంటే చేలన్నీ తూయలేము కదా. చీటీ తీసినట్టు అంకెలు తీసి, ఏ చేను పడితే ఆ చేనులో, ఏ మూల పడితే ఆ మూల, అయిదు మీటర్ల పొడవు అయిదు మీటర్ల వెడల్పు ఒక చదరం తాడుతో కడతాం. తాడు లోపలి పంట మొత్తం కోసి, అక్కడికక్కడే బరకం పట్టా మీద నూర్చి, గింజలు తూకం వేస్తాం. ఆ బరువు నుంచి ఎకరం లెక్క, దాని నుంచి ఊరి లెక్క, మండలం లెక్క, అలా ఢిల్లీ దాకా వెళ్తుంది. చదరంలో పావుకిలో తప్పితే పైకి వెళ్ళేసరికి అది ఎన్ని బస్తాల తప్పవుతుందో ఊహించుకోండి.

ఆ సంవత్సరం సార్వా అనే తొలి పంట కోతలప్పుడు మా మండలానికి ఒక గౌరవం దక్కింది. మన దేశం, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్ లెక్కల అధికారులు కలిసి, వరి దిగుబడిని అందరూ ఒకే పద్ధతిలో, ఒకే ట్యాబ్‌లో, ఒకే ఫారంతో లెక్కించాలని అనుకున్నారు. ఒకరి చేలలోకి ఒకరు వెళ్ళి చూసుకుంటే ఎవరి పద్ధతిలో ఎక్కడ చిల్లు ఉందో తెలుస్తుందని ఆలోచన. మన వంతుకు మా మండలం పడింది. ముగ్గురు అతిథులు వచ్చారు. వాళ్ళకు పెద్ద శ్రీలంక ఆవిడ. యాభై దాటిన మనిషి, సన్నగా, తక్కువ మాటలతో ఉండేది. మిగిలిన ఇద్దరూ నేపాల్, బంగ్లాదేశ్ వాళ్ళు, కుర్రవాళ్ళు. ఒకే ఊళ్ళో ఆరు రోజులు, ఆరు పొలాలు. ప్రతి పొలంలో రెండు చదరాలు. ఒకటి మేము కోయించాలి, ఒకటి వాళ్ళే స్వయంగా కోస్తారు. రెండు బరువులూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

మా తరఫున తూకం వేసి ట్యాబ్‌లో ఎక్కించేది ఆ ఊరి సచివాలయంలో పనిచేసే వ్యవసాయ సహాయకురాలు. ముప్పై ఏళ్ళ అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఆ నెలలోనే ఆర్డరు రావలసి ఉంది. ట్యాబ్ నాకు సరిగ్గా చేతకాదని ఆ అమ్మాయికి తెలుసు. "మీరు తాడు చూడండి మేడమ్, తెర నేను చూస్తాను" అనేది. నన్ను ఎవరి ముందూ చిన్నబుచ్చలేదు.

కోసేది ఊరి చివర పేటలోని నలుగురు కూలి ఆడవాళ్ళు. వాళ్ళకు పెద్ద ఒక ముసలావిడ, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఆదివారం మా ఇద్దరిదీ ఒకే చర్చి. పొలంలో నన్ను "అమ్మగారూ" అనేది, చర్చిలో "సిస్టరుగారూ" అనేది. ఎప్పుడూ పొరపాటు పడలేదు.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. మా వైపు కోతకు కూర్చునే ముందు పెద్ద ముత్తైదువో, కోత ముఠా పెద్దో తూర్పు ముఖంగా నిలబడి తొలి పిడికిలి కోస్తుంది. పిడికిలి అంటారు గానీ అది పది పన్నెండు దుబ్బుల చిన్న కట్ట. దాని గడ్డితోనే దాన్ని కడతారు. నేల మీద పెట్టరు, కొలవరు, తూయరు. పేటవాళ్ళు చర్చిలో కడతారు, ఊరివాళ్ళు గుమ్మానికి కడితే పిచ్చుకలు తింటాయి. వెనకటి రోజుల్లో ఇది అసలు కోతల్లో జరిగేది, మా చదరానికి దానితో పని ఉండేది కాదు. తర్వాత కోత మిషన్లు వచ్చాయి. గంటలో ఎకరాలు లేచిపోతున్నాయి. కొడవలి అనే వస్తువు చేలో కనపడేది మా ప్రయోగం నాడు మాత్రమే. అప్పటి నుంచి పేట ఆడవాళ్ళు తొలి పిడికిలి మా తాడు లోపలే కోయడం మొదలుపెట్టారు. మొదటిసారి ఆ ముసలావిడ నా వైపు చూసి, "తీసుకోమంటారా అమ్మగారూ? ఇంకెక్కడా కొడవలి పెట్టనివ్వడం లేదు" అంది. దేవునికి ఇచ్చేది నేనెవరిని ఆపడానికి అనుకున్నాను. తలూపాను. ఏడెనిమిదేళ్ళుగా తలూపుతూనే ఉన్నాను. ఏటా ఒక పిడికిలి మా ఇంటి వసారాకు కూడా వచ్చేది. కళ్ళకద్దుకుని తీసుకునేదాన్ని.

తాడు లోపలిది గింజ కూడా వదలకూడదని శిక్షణలో వందమందికి నేనే చెప్పాను. ఆ పిడికిలి నా కంటికి పంటలా ఎప్పుడూ కనపడలేదు. అదే నా తప్పు.

మొదటి అయిదు రోజులూ బాగానే గడిచాయి. అతిథులు కొడవళ్ళు పట్టుకుంటే పేటవాళ్ళకు తమాషా. నేపాల్ కుర్రవాడు బాగా కోశాడు, బంగ్లాదేశ్ కుర్రవాడు వేలు కోసుకున్నాడు. "ఆఫీసర్లకు కొడవలి ఇస్తే రక్తం, మాకు కలం ఇస్తే కన్నీళ్ళు" అని ముసలావిడ నవ్వింది. శ్రీలంక ఆవిడ మాత్రం వంగిన నడుము ఎత్తకుండా కోసేది. వాళ్ళ నాన్న రైతని చెప్పింది.

శనివారం సాయంత్రం మండలాఫీసులో సమావేశం. జిల్లా నుంచి మా పై అధికారి వచ్చారు. మంచివారే, కానీ పరాయి దేశాల వాళ్ళ ముందు మాట పడకూడదన్న కంగారు ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది. బల్ల మీద ఒక కాగితం. అయిదు పొలాలు, పది బరువులు.

"అయిదింటిలోనూ మనదే తక్కువ" అన్నారాయన, ఆ అమ్మాయిని చూస్తూ. "ఎందుకమ్మా?"

"తెలియదండి. కాటా మీద ఏది పడితే అదే కొట్టాను సార్."

శ్రీలంక ఆవిడ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. "చేనులో తేడా సహజం. ఒక మూల బలంగా, ఒక మూల పలచగా ఉంటుంది. అయిదుసార్లూ ఒకరిదే తక్కువ రావడం కూడా జరగవచ్చు. కానీ ప్రతిసారీ దాదాపు అంతే తేడా వస్తోంది. చేను అలా చేయదు. మనిషి చేస్తాడు."

మనిషి అన్న మాట దగ్గర మా అధికారి ఆగిపోయారు. "మీ ఆయనా మామగారూ ఈ ఊళ్ళోనే కౌలు చేస్తారంట కదమ్మా?"

"అవునండి."

"దిగుబడి తక్కువ చూపిస్తే ఊరికి పంటల బీమా వస్తుంది. ఎవరైనా అడిగారా నిన్ను?"

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "సార్, నా పిల్లల మీద ఒట్టండి! కాటా ఫొటోలు ఉన్నాయి ట్యాబ్‌లో. మేడమ్‌గారు ఎదురుగానే ఉన్నారు ప్రతిసారీ. మేడమ్, మీరు చెప్పండి."

నేను ఆమె పక్క కుర్చీలో ఉన్నాను. ప్రతిసారీ దాదాపు అంతే అన్న మాట వినగానే నా కళ్ళ ముందు ఒక చెయ్యి కనపడింది. ఆ చేతిలో ఒక కట్ట. అది బరకం వైపు కాక గట్టు వైపు వెళ్తోంది.

"తూకం సరిగ్గానే వేసిందండి" అన్నాను. అది నిజం. నిజంలో సగం.

"తూకం సరైనదైతే తక్కువెందుకొచ్చింది?"

బల్ల మీది కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన నిట్టూర్చి ఆ అమ్మాయితో అన్నారు, "సోమవారం మధ్యాహ్నంలోగా రాతపూర్వకంగా వివరణ ఇవ్వు. సాయంత్రం వీళ్ళు రైలెక్కుతారు, రిపోర్టు వాళ్ళతో వెళ్తుంది. నీ వివరణ నచ్చకపోతే ఉద్యోగం పర్మనెంటు చేయమని నేను రాయలేను. తీసేయమని రాయాల్సి వస్తుంది."

ఇంటికి వెళ్ళగానే వసారాకు వేలాడుతున్న కొత్త పిడికిలి దించాను. మూడో రోజు కోతలో వాళ్ళు ఇచ్చినదే. దాని గింజలు దూయడానికి చేతులు రాలేదు. అయినా దూశాను. గింజల్ని వంటింటి కాటా మీద పోశాను. ఎకరానికి లెక్క కట్టాను. అరబస్తా దాటింది. ఆ కాగితం మీది తేడా సరిగ్గా అంతే.

అప్పుడే మా అధికారికి ఫోన్ చేయవలసింది. చేయలేదు. ఎందుకు చేయలేదో నిజాయితీగా చెప్తాను. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. ఇన్నేళ్ళలో నా లెక్కను ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇప్పుడు చెబితే ఈ సంవత్సరం ఒక్కటే కాదు, ఏడెనిమిదేళ్ళ మండలం లెక్కలు తక్కువని ఒప్పుకోవాలి. పైగా పరదేశీయులు వచ్చి పేట ఆడవాళ్ళ ఆచారాన్ని ఆపించారన్న మాట వస్తుందేమో అనుకున్నాను. ఈ చివరిది నాకు నేను చెప్పుకున్న సాకు. వినడానికి బాగుంది కాబట్టి దాన్నే ఎక్కువసేపు పట్టుకున్నాను.

మోకాళ్ళూని చాలాసేపు ప్రార్థన చేశాను. తెల్లవారి ఆదివారం. చర్చిలో బల్ల ముందు పిడికిళ్ళు వరసగా కట్టి ఉన్నాయి. పాటలేవో పాడాం, ప్రసంగం దేని మీదో నాకు గుర్తులేదు. ఆరాధన అయిపోయాక ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏంటి సిస్టరుగారూ, మొహం అలా పీక్కుపోయింది? షుగరు పెరిగిందా?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోవడమేంటి. కాస్త మజ్జిగ తాగండి. ఈ ఏడు మనకి బాగా వచ్చాయండి పిడికిళ్ళు, చూశారా? రేపటిది కూడా వస్తే నిండుగా ఉంటుంది."

మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. "మేడమ్, వివరణలో ఏం రాయమంటారండి? మూడుసార్లు రాసి చింపేశాను. ఏం చేశానో తెలిస్తే కదండీ రాయడానికి."

"రేపు పొలంలో మాట్లాడుకుందామమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేశాక మళ్ళీ ప్రార్థనకు కూర్చున్నాను. ఇది చదివే పిల్లలకు ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. ఆ రెండు రోజులూ నేను ప్రార్థన పేరుతో మాట్లాడటం వాయిదా వేశాను. దేవుడు నాకు శనివారం సాయంత్రమే జవాబిచ్చాడు, వంటింటి కాటా మీద. తర్వాత నేను అడుగుతున్నది వేరే జవాబు.

సోమవారం పొద్దున ఆకాశం నల్లగా ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనమని రెండు రోజులుగా టీవీల్లో చెబుతూనే ఉన్నారు. ఊరంతా చేల మీద పడింది. మా ఆరో పొలం రైతు కోత మిషన్ను గట్టు మీదికి తెచ్చి ఇంజను ఆపకుండా నిలబెట్టాడు.

"మేడమ్‌గారూ, దణ్ణం పెడతానండి, త్వరగా కానివ్వండి. ఆ మబ్బు చూడండి. చినుకు పడిందంటే చేను పడుకుంటుంది, మిషను దిగదు. నేను ఒక గంట ఆగుతానండి. అంతే. తర్వాత మీ తాడు ఉన్నా లేకపోయినా తోలేస్తాను."

తాడు కట్టాం. రెండు చదరాలు. మా అధికారి కూడా వచ్చారు, ప్యాంటు మడిచి గట్టు మీద నిలబడ్డారు. ఆ అమ్మాయి బరకం పరిచి, దాని పక్కన కాటా సరిచేస్తోంది. నా వైపు చూడలేదు. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. బరకం మూల మీద బరువుకి పెట్టిన ట్యాబ్ సంచీలోంచి తెల్లకాగితం అంచు కనబడుతోంది. అదే వివరణ.

ముసలావిడ చీర కుచ్చిళ్ళు దోపి, కొడవలి తీసి, తూర్పుకు తిరిగింది. వంగి పిడికిలి కోసింది. గడ్డి తిప్పి కట్టింది. నేను బురదలోకి దిగాను.

"సార్" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను, గట్టిగా. "సార్, తేడా అదిగో. ఆవిడ చేతిలో ఉంది."

ఆయన అర్థం కానట్టు చూశారు. అంతా చెప్పాను. ఏళ్ళుగా జరుగుతున్నదీ, నేను తలూపినదీ, వంటింట్లో తూచినదీ. అక్కడున్న అందరి ముందూ చెప్పాను, ఎందుకంటే శనివారం ఆ అమ్మాయిని అడిగింది కూడా అందరి ముందే. ఆమె కాటా వదిలి లేచి నిలబడింది.

మా అధికారి ఆ కట్టను చూశారు, నన్ను చూశారు. తర్వాత అన్నారు, "మేడమ్‌గారూ, మీ మీద నాకు గౌరవం ఉంది. అందుకే అడుగుతున్నా. ఈ పిల్లను కాపాడటానికి కట్టిన మాట కాదు కదా ఇది?"

"కాదండి."

"ఇంట్లో తూచానంటే ఎవరు నమ్ముతారు? ఇక్కడ తూయండి. వీళ్ళ ఎదురుగా."

నేను ముసలావిడ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను. ఆవిడ పిడికిలిని గుండెకు హత్తుకుని ఒకడుగు వెనక్కి వేసింది.

"దీన్నా? కాటా మీదా? వద్దమ్మగారూ. దేవుడిది తూస్తారా ఎవరైనా? తూసి దూస్తే ఇంకేం మిగులుద్ది, గడ్డి కట్టాలా చర్చిలో?"

"అక్కా, ఒక్కసారి."

"మీరే ఇన్నేళ్ళు చూసి ఊరుకున్నారు. ఇప్పుడు తెల్లచొక్కాలు వచ్చాయని తూకమా? నేనివ్వను." మిగతా ముగ్గురూ ఆవిడ పక్కకు చేరారు. గట్టు మీంచి రైతు కేక వేశాడు, "ముప్పావు గంటే ఉందండోయ్!"

శ్రీలంక ఆవిడకు నేను నా వచ్చీరాని ఇంగ్లీషులో సంగతి చెప్పాను. ఆమె ముఖంలో మొట్టమొదటిసారి నవ్వు వచ్చింది. "మా అమ్మమ్మ ఊళ్ళో కూడా ఇదే" అంది. "తొలి కంకులు కోసి దేవుడి కోసం ఎత్తి పెడతారు. నేను చిన్నప్పుడు ముట్టుకున్నానని దెబ్బలు తిన్నాను." ఒక్క క్షణం ఆలోచించింది. "దాన్ని దూయనక్కర్లేదు. కట్టగా ఉండగానే తూద్దాం. అదే బరువుకి పక్క దుబ్బులతో ఇంకో కట్ట కోసి, దాన్ని నూర్చి, గింజలు తూద్దాం. ఆవిడది ఆవిడకే ఉంటుంది."

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. ముసలావిడ మెత్తబడలేదు. "కాటా మీద పెట్టడం పెట్టడమే కదండీ."

అప్పుడు నేను అసలు మాట చెప్పాను. ముందే చెప్పవలసిన మాట. "అక్కా, దీని బరువు తెలియకపోతే ఈ పిల్ల ఉద్యోగం ఇవాళ సాయంత్రానికి పోతుంది. దొంగలెక్క రాసిందని పోతుంది. చేసింది నేను."

ముసలావిడ ఆ అమ్మాయి వైపు తిరిగింది. దాని వాచిన కళ్ళు చూసింది. తర్వాత నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

"ఆ ముక్క నిన్న చర్చిలో చెప్పొచ్చుగా సిస్టరుగారూ" అంది. మొట్టమొదటిసారి పొలంలో నన్ను అలా పిలిచింది. "పిల్ల పొట్ట కొట్టి తెచ్చిన కంకులు దేవుడికెందుకూ. పట్టండి, ఎక్కడుంది మీ కాటా?"

కాటా దగ్గరికి వచ్చి, కంకులు నేలకు తగులుతాయేమోనని భుజం మీది తువ్వాలు తీసి కాటా పళ్ళెంలో పరిచి, దాని మీద పిడికిలి పెట్టింది. "తువ్వాలు బరువు కూడా వస్తుందమ్మా" అన్నారు మా అధికారి. "అయితే దాన్ని విడిగా తూయండి. మీకు అదేగా పని" అంది. నేపాల్ కుర్రవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

తువ్వాలు విడిగా తూశాం, దాని బరువు తీసేశాం. శ్రీలంక ఆవిడ తానే వంగి తాడు బయటి పక్క దుబ్బులు కోసింది. దుబ్బు కలుపుతూ, తీస్తూ, అంతే బరువు వచ్చేదాకా. దాన్ని మాత్రం వేరుగా నూర్చి, గింజలు వేరుగా తూశాం. తర్వాత రెండు చదరాలూ కోశాం. మిషన్ ఇంజను చప్పుడు, కొడవళ్ళ చప్పుడు. నూర్పిడి అయ్యేసరికి రైతు గట్టు దిగి మా వెనకే నిలబడి ఉన్నాడు.

మా చదరం బరువుకు ఆ కట్ట గింజల బరువు కలిపారు. వాళ్ళ చదరంతో పోల్చారు. మాది కొంచెం ఎక్కువ వచ్చింది. శ్రీలంక ఆవిడ గట్టు మీద చతికిలబడి పాత కాగితం తీసి, అయిదు పొలాలకూ అంతే బరువు కలిపింది. ఆరు పొలాల్లో ఇప్పుడు నాలుగు చోట్ల వాళ్ళది ఎక్కువ, రెండు చోట్ల మాది. తేడాలన్నీ చిన్నవే, ఒక వరసలో లేవు.

"ఇప్పుడిది చేనులా ఉంది" అంది.

మా అధికారి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచారు. ఆమె సంచీలోంచి వివరణ కాగితం తీసి ఇచ్చింది. ఆయన చదవకుండానే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "ఇది నాకు అక్కర్లేదమ్మా. పొరపాటు నాది" అన్నారు. నా వైపు తిరిగి, "మీ స్టేట్‌మెంటు సాయంత్రంలోగా కావాలి" అన్నారు. రాసి ఇచ్చాను. వెనకటి సంవత్సరాలన్నీ కలిపి రాశాను. ఆ లెక్కల్ని ఇక సరిచేయడానికి వీల్లేదు, ఆ పిడికిళ్ళు ఎప్పుడో పిచ్చుకలు తినేశాయి. ఆ సంవత్సరాల అంకెల పక్కన మాత్రం ఒక గుర్తు పెట్టారు. నాకు మెమో ఇచ్చారు. ఆ అమ్మాయికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. కొన్నాళ్ళకు నాలుగు దేశాల ఉమ్మడి ఫారం తుదిరూపం వచ్చినప్పుడు అందులో ఒక కొత్త గడి కనపడింది. కోతకు ముందు ఏదైనా ఎత్తి పెట్టారా, పెడితే దానికి సరితూగే కట్ట గింజల బరువెంత అని. మా ముసలావిడ తువ్వాలు సంగతి మాత్రం ఫారంలో లేదు.

వీటన్నిటికీ నేను దేవునికి కృతజ్ఞురాలిని. మెమోకి కూడా. కానీ మీకు చెప్పాలనుకున్నది ఇది కాదు.

ఆ సోమవారం తూకం అయిపోయి, అధికారులు జీపు ఎక్కి, మిషను సగం చేను కోసేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆ అమ్మాయి ఒక్కతే బరకం సర్దుతోంది. నేను దగ్గరికి వెళ్ళాను.

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

బరకం మీద అతుక్కున్న గడ్డిపరకలు దులుపుతూ అడిగింది, "మీకు ఎప్పుడు తట్టిందండి మేడమ్?"

ఇవాళ పొద్దున అని చెప్పవచ్చు. నన్ను కాదనేవాళ్ళు ఎవరూ లేరు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"శనివారం. మీటింగులో ఉండగానే."

దాని చెయ్యి ఆగిపోయింది. "నేను ఆదివారం ఫోన్ చేశానండి మీకు."

"చేశావమ్మా."

"మా అత్తగారు రెండు రోజులు అన్నం ముట్టలేదండి. మా ఆయన నన్ను అడిగాడు, నిజంగానే ఏమైనా చేశావా అని. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాడు. ఆ మాట ఇక మా ఇంట్లో ఉండిపోతుందండి. ఆర్డరు వచ్చినా ఉంటుంది."

వాన జోరందుకుంది. బురదలో ఇద్దరమూ నిలబడ్డాం. దాని మొహం మీద తడి వానదో ఏమిటో నాకు తెలియలేదు, అడిగే హక్కూ లేదు. కాసేపటికి వంగి బరకం ఒక కొస ఎత్తింది.

"అటు కొస పట్టుకోండి మేడమ్" అంది. "నానితే ఇద్దరం మోయలేం."

పట్టుకున్నాను.